గుప్పెడు బియ్యం పోయించుకుంటూ నేను పంచిన మాట

ప్యాసయ్యానండీ! సహోదరీ సహోదరులారా, బీఎస్సీ మైక్రోబయాలజీ, ఫస్ట్ క్లాసు! మొన్న శుక్రవారం రిజల్టు చూసి మా అమ్మ నెత్తిమీద చేపల బుట్ట దించకుండానే ఏడ్చేసింది, మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్ళే లేరు కదండీ, దేవునికే మహిమ! అప్పట్నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాను, ఒక్క నంబరు దగ్గర మాత్రం వేలు ఆగిపోతోంది. అదెందుకో చెప్పకుండా ఈ సంతోషం ఒక్కటే సాక్ష్యంగా చెప్పి కూర్చుంటే నేను దేవుడి ముందు దొంగనవుతాను.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నేను ఇంటర్. మన సంఘంలో ప్రతి అమ్మా వండేముందు గుప్పెడు బియ్యం తీసి దేవుడి కుండలో వేస్తుంది కదా, శనివారం సంచి పట్టుకుని ఇంటింటికీ తిరిగి అవి పోగుచేసేది నేనే. బియ్యం పోయించుకుంటూ ప్రతి గుమ్మంలోనూ ఒక మాట పోసొచ్చేదాన్ని: "టీకా వద్దండీ, అది బైబిల్లో చెప్పిన చివరి దినాల సాతాను ముద్రలాంటిదంటున్నారు, అయినా వైరస్ ఎప్పటికప్పుడు మారిపోతుంటే పాత మందేం పనిచేస్తుంది?" అంతా ఫోన్లో విన్నదే, నాకు ఒక్క ముక్క తెలీదు, కానీ రెండు ఇంగ్లీషు మాటలు కలిపేసరికి అందరూ ఎంత శ్రద్ధగా వినేవారో, ఆ గర్వం ఎంత తియ్యగా ఉండేదో! ఆశా కార్యకర్త సత్యవతి గారు ఎండలో గొడుగేసుకొచ్చి టీకాకి పేర్లు రాసుకుంటుంటే, "మీరెంతవరకూ చదివారండీ?" అని అందరి ముందూ అడిగాను. "ఎనిమిదమ్మా" అని తలొంచుకుని వెళ్ళిపోయారు.

శాంతమ్మత్త మీకు తెలుసు. సండే స్కూల్లో నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. షుగరు మనిషి. కూతురు కుమారక్క తుని నుంచి ఫోన్ చేసి టీకా వేయించుకోమని బతిమాలుతోంది, ఏం చెయ్యమంటావే అని అత్త నన్నడిగింది. వద్దత్తా అన్నాను. "సరేలే, చదువుకున్నదానివి, నీకు తెలీకపోద్దా" అని నవ్వి, ఇంకో గుప్పెడు ఎక్కువ పోసింది. మూడు వారాలకి కరోనాతో పోయింది ఆవిడ! వేయించుకునుంటే బతికేదా అంటే దేవుడికే తెలుసండీ, కానీ అడ్డం నిలబడింది నేను.

నాకూ వచ్చింది. చాప మీద పడుకుని ఒకటే ప్రార్థన: "ప్రభువా, ఆవిడ నా మాట నమ్మింది. నన్ను లేపితే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఆ మాట వెనక్కి తెచ్చుకుంటాను." లేపాడండీ!

డాక్టరు బయట తిరగొచ్చన్నాక ఖాళీ సంచితో అవే గుమ్మాలెక్కాను. అప్పటికి నా మాటే మారిపోయింది, 'ముద్రలాంటిదంట' అని నేనన్నది వీధి చివరికొచ్చేసరికి 'ముద్రేనంట, పాస్టర్ గారే చెప్పారంట' అయిపోయింది, పాపం ఆయన నోరెత్తిందే లేదు! "అప్పుడో మాట, ఇప్పుడో మాట, ఏంటే నీ చదువు?" అని రత్నమ్మ గారు దులిపేశారు. సత్యవతి గారు వెనకాలే వచ్చి నా నెత్తిన గొడుగు పట్టారు, దానికన్నా తిట్టినా బాగుండేది. ఆ వారమే రెండు ఆటోల నిండా అమ్మలు వెళ్ళి వేయించుకున్నారు, ముందెక్కింది రత్నమ్మ గారే!

తెలీకుండా వాగినదాన్నే చదవాలని అప్పుడే అనుకున్నాను. వైరస్ మనిషి నుంచి మనిషికి పాకినకొద్దీ తన నకళ్ళు తీసుకుంటూ తప్పులు చేస్తుందని, ఆ తప్పుల్లోంచే కొత్త రకాలు పుడతాయని, టీకా జబ్బుని పూర్తిగా ఆపలేకపోయినా చాలామందికి ప్రాణం మీదికి రానివ్వదని రాజమండ్రి కాలేజీలో మాస్టారు చెప్తుంటే తలెత్తలేకపోయాను, నా మాటా అలాగే పాకింది కదా!

ప్రియులారా, అనుమానమొస్తే తెలిసినవాళ్ళని అడగండి, దేవుణ్ణి నమ్మండి. నా గర్వాన్ని విరగ్గొట్టి నన్ను విడిపించినవాడు మీ భయం నుంచి మిమ్మల్ని విడిపించడా?

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళున్నారండీ. సముద్రం మీద వేటకెళ్ళిన నాన్న, సిగ్నల్ అందితే. మా మాస్టారు. సత్యవతి గారు, ఆవిడకి ఫస్ట్ క్లాసు సంగతి తర్వాత, ముందు క్షమాపణ. ఆఖరికి తుని కుమారక్క. వాళ్ళమ్మ టీకా ఎందుకు వద్దందో ఆవిడకి ఇప్పటికీ తెలీదు, మీరెవరూ చెప్పకుండా నన్ను కాచారు. ఆఖర్న కాదులెండి, ఇప్పుడే, మన చర్చి మెట్ల మీద నుంచే చేస్తాను. ఎత్తాలని ప్రార్థించండి.