గిన్నె పట్టుకొచ్చే ఆఫీసరు

మొన్న నంద్యాల బస్సు కండక్టరు మా అంగడి ముందు ఆగి, "అక్కా, మీ గిన్నె సారు పోయినాడంట" అని చెప్పి పోయాడు. ఆళ్లగడ్డలో మా వీధంతా ఆయన్ని గిన్నె సారనే అనేది. ఆయన ప్రొబేషన్ ఆఫీసరని, జైలు నుంచి ముందుగా వదిలిన వాళ్ల మీద కన్నేసి ఉంచడం ఆయన ఉద్యోగమని మాకు తప్ప ఎవరికీ తెలియదు.

మా ఆయన ఇత్తడి పాత్రలకు కళాయి పూస్తాడు. సంతలో కొట్లాటలో ఒకతని తల పగలగొట్టి జైలుకు పోయాడు. నడవడిక బాగుందని డెబ్బైలలో గడువుకు ముందే వదిలారు. షరతు తప్పితే మిగిలిన శిక్షంతా మళ్లీ జైల్లోనే.

అప్పుడున్న ఆఫీసరు మహా గట్టివాడు. రోజూ పొద్దునా సాయంత్రం స్టేషన్లో సంతకం పెట్టాలి, ఊరు దాటకూడదు అన్నాడు. కళాయి పని ఊళ్లు తిరిగితేనే కదా! ఉన్న ఊళ్లో గిన్నెలు ఎన్నని ఉంటాయి? కొలిమి చల్లారింది. పిల్లల ఆకలి చూడలేక మా ఆయన ఒకరోజు కొలిమిగుండ్ల అనే ఊరికి పోయాడు. పని దొరికింది గానీ తిరుగు బస్సు దొరకలేదు. సంతకం తప్పింది. మళ్లీ జైలుకు పంపాలని కాగితం కదిలింది.

ఇంతలో ఆ ఆఫీసరుకు బదిలీ అయి, ఈయన వచ్చాడు. విచారణకని జీపులో దిగుతారేమోనని నేను హడలిపోతుంటే, బస్సు దిగి చంకలో గిన్నెతో ఒక పెద్దమనిషి వచ్చి, తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"ఏమ్మా, దీనికి కళాయి పూస్తారా?"

"పూస్తాం. ఆడ పెట్టు సామీ."

పని అయ్యేదాకా మా ఆయన్ని మాటల్లో పెట్టాడు. ఏ ఊళ్లకు పోతావు, యాడ పడుకుంటావు, గిట్టనివాళ్లు ఎవరన్నా ఎదురుపడితే ఏం చేస్తావు అని. అంతా విన్నాక తానెవరో చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

"గిన్నె తెచ్చి మోసం చేస్తాండావా సారూ? పంపేదుంటే చెప్పి పంపు!"

"జీపులో వస్తే వీధంతా చూస్తాదమ్మా. ఆ పైన మీకు గిన్నెలెవరిస్తారు?" అని, మా ఆయన వైపు తిరిగాడు. "దినానికి రెండుతూర్లు సంతకమంటే ఎవుడైనా తప్పుతాడప్పా. నెలకోతూరి నేనే వస్తా. పనికి యాడికైనా పో, ఇంట్లో చెప్పి పో. సారా అంగడికి, ఆ కొట్లాటోళ్ల జోలికి మాత్రం పోవద్దు."

పైవాళ్లకు ఏం రాశాడో తెలియదు, ఆ కాగితం మాత్రం ఆగిపోయింది. చెప్పినట్టే నెలనెలా వచ్చాడు, అదే గిన్నెతో. కళాయి పూశాక అందులో ముఖం చూసుకుని మీసం సవరించుకునేవాడు. అది చూసి మా పిల్లలు నవ్వేవాళ్లు.

ఒకసారి గడివేములలో పాత పగవాళ్లు ఎదురుపడి మా ఆయన్ని నానా మాటలన్నారు. ఆయన సామాన్లు మూటగట్టుకుని ఇంటికొచ్చేశాడు. "చెయ్యి లేచింది. రేపు సారు వచ్చి బకెట్టు మీద కూర్చుంటే ఏం చెప్పుకోవాల? దించేసినా" అన్నాడు. స్టేషన్ భయంతో ఏనాడూ దిగని చెయ్యి అది.

గడువు తీరింది. సారు రిటైరయ్యాడు. స్టీలు గిన్నెలొచ్చి మా పనీ తగ్గింది. అయినా ఆ గిన్నె రావడం ఆగలేదు. మా సంసారం నిలబడిందంటే ఆయన వల్లే. ఆ మాట ఆయన ముందు ఒక్కసారైనా అనలేదు, అందుకే ఇప్పుడు ఇంత దుఃఖం.

నంద్యాలలో సారు ఇంటికి పోయాం. వంటింట్లో అన్నీ స్టీలు సామాన్లే. సారు భార్య ఆ గిన్నె తెచ్చి మా ముందు పెట్టింది.

"ఇందులో మేం ఏ పొద్దూ వండింది లేదమ్మా. మీ ఊరికి బయలుదేరే ముందు పెరట్లో కూర్చుని ఇటుకపొడితో కళాయంతా గీకేస్తాండె. ఏందయ్యా ఈ పిచ్చి అంటే పలకడు."

నేను మా ఆయన ముఖం చూశాను.

"గీతలు చూసి నాకెప్పుడో తెలుసు" అన్నాడు మెల్లగా.

ఈసారి గీతలు లేవు. పోయిన నెల పూసిన కళాయి పూసినట్టే ఉంది. మా ఆయన గిన్నె చేతిలోకి తీసుకుని అందులో ముఖం చూసుకున్నాడు. బస్సులో ఆళ్లగడ్డ వచ్చేదాకా దాన్ని ఒళ్లోంచి దించలేదు.