అల్లిన ఆకాశం

మా డిగ్రీ కాలేజీ తెలుగు వాచకంలో ఒక ఆధునిక కవిత ఉంది. పన్నెండు పంక్తులే గానీ కొరుకుడు పడదు. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. "కిందికి వచ్చాను, అల్లిన ఆకాశం నా పైన ఖాళీగా ఉంది, అందరూ గడియారం చూస్తున్నారు" అని సాగుతుంది. నరసరావుపేటలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, నాకే అర్థం కాలేదని పిల్లల ముందు ఎట్లా ఒప్పుకుంటాను? గైడు తిరగేశాను. కిందికి రావడమంటే కవి సుఖాలు వదిలి సామాన్యుల్లో కలవడమట. అల్లిన ఆకాశం వ్యవస్థ పన్నిన వలట. గడియారం రాబోయే మార్పట. మూడు ప్రతీకలూ బోర్డు మీద రాసి, కింద గీత గీసి, చేతులు దులుపుకున్నాను.

బెల్లంకొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఆయన్ని మంచం మీద నుంచి దించారు సార్, మా తాతని దించినట్టు. అల్లిందంటే నవారు. కింద పడుకుంటే పైన కనపడేది అదేగా."

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "కవిత్వమంటే మీ తాత చావు కాదమ్మా, కూర్చో" అన్నాను.

"చచ్చిపోలేదు సార్. చచ్చిపోతే ఎట్టా మాట్లాడతాడు? ఇంకా ఉండంగానే దించారు. అదే సార్ ఆయన బాధ."

పరీక్షలోనూ అదే రాసింది. పదికి రెండు వేశాను. చాలదన్నట్టు పక్కనే ఎర్ర సిరాతో "సొంత పైత్యం వద్దు" అని రాశాను.

ఆ ఎండాకాలమే మా నాన్నను ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు గుంటూరు ఆస్పత్రిలో. మర్నాడు మధ్యాహ్నం ఎగశ్వాస మొదలైంది. మా మేనత్త గుమ్మంలో నుంచే అరిచింది.

"ఏంది చూస్తన్నావు? దించండి! మంచం మీద పోతే జీవుడు ఆ మంచాన్నే పట్టుకోనుంటాడు."

మా వైపు ప్రాణం పోయేముందు మనిషిని నేల మీదికి దించుతారు. భుజాలు నేనే పట్టుకున్నాను. గది ఇరుకు. చాప మీద పడుకోబెడితే తల, భుజాలు నవారు మంచం కిందికే వచ్చాయి.

నాన్న పోలేదు. సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. కళ్ళు తెరిచి పైన ఉన్న నవారు వైపు చాలాసేపు చూశాడు.

"ఒరేయ్, నన్నెందుకురా దించారు? నేనింకా ఉన్నాగా."

సత్తెనపల్లి బస్సుకు వెళ్ళాల్సిన బాబాయి గడియారం చూసుకున్నాడు.

"నడుం చానా లాగతందిరా, మంచం ఎక్కించు" అన్నాడు నాన్న నా చెయ్యి పట్టుకుని. లేవబోయాను. అత్త అడ్డం వచ్చింది.

"దించినోణ్ణి మళ్ళీ ఎక్కిస్తారంట్రా ఎక్కడన్నా? ఇంటికి అరిష్టం. నీకు పిల్లలున్నారు, చూసుకో."

నాకు అరిష్టాల మీద నమ్మకం లేదని స్టాఫ్ రూములో వందసార్లు అని ఉంటాను. పిల్లల మాట ఎత్తేసరికి భయపడ్డాను. "కాసేపాగు నాన్నా" అన్నాను.

మర్నాడూ అడిగాడు. అదే మాట అన్నాను. ఆ మధ్యాహ్నం ఆయన పక్కనే నేల మీద వెల్లకిలా పడుకున్నాను. పైన అడ్డంగా, నిలువుగా తెల్లటి నవారు. కన్నెత్తితే అదొక్కటే. ఆ అమ్మాయి గొంతు చెవిలో వినపడింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లేచి ఆయన్ని ఎత్తలేదు.

మూడో రోజు నాన్న అడగడం మానేశాడు. నాలుగో రోజు పొద్దున పోయాడు. "నేల మీదే పోయాడు, అదృష్టవంతుడు" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ అమ్మాయి డిగ్రీ అయిపోయి వెళ్ళిపోయింది. కవిత ఇంకా సిలబస్‌లోనే ఉంది. మొన్న క్లాసులో "కిందికి వచ్చాను" దగ్గర ఆగిపోయాను. పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నిజం చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి. ఆయన్ని కిందే ఉంచింది ఎవరో కూడా చెప్పాలి. బోర్డు వైపు తిరిగి, "కవి సామాన్యుల్లో కలిశాడు" అని రాశాను.