కారం మిల్లు గేటు దగ్గర ఆగిన జీపుకారు

ఆ రోజుల్లో మా ప్రత్తిపాడు వైపు కార్లు రెండే రకాలు. పెళ్ళిళ్ళకు అద్దెకు తెచ్చే తెల్లకారు ఒకటి, కాంట్రాక్టర్లు తిరిగే జీపు ఒకటి. కొత్త శతాబ్దం వచ్చిన కొత్తలో ఈ రెంటికీ మధ్య పుట్టినట్టు ఒక బండి దిగింది. ముందునుంచి చూస్తే జీపు, తలుపు తీస్తే కారు. ఎస్‌యూవీ అన్న పేరు మా నోటికి ఇంకా అలవాటు కాలేదు, జీపుకారు అనేవాళ్ళం. మా ఊళ్ళో దాన్ని మొదట కొన్నది మా బావ, అంటే మా అక్క భర్త. ఆయనకు పురుగుమందుల కొట్టు ఉండేది. కొట్టుకు వచ్చిన రైతుకు పత్తి పురుగు సంగతి సగం, బండి సంగతి సగం చెప్పి పంపేవాడు. నేను మాత్రం దాన్ని చూసి పెదవి విరిచాను. మా తాతగారికి ఒకప్పుడు పడవంత కారు ఉండేది. (నేను దాన్ని చూడలేదు. అది నిలిపిన షెడ్డును చూశాను. నా చిన్నతనానికే అందులో పొయ్యిలోకి పత్తికట్టె పేర్చేవాళ్ళం.) అలాంటి తాతకు మనవణ్ణి కనుక కార్ల మంచిచెడ్డలు నాకు పుట్టుకతోనే వచ్చాయని నా నమ్మకం. నడపడం ఒక్కటే రాలేదు.

అప్పటికి నేను గుంటూరులో ఒక ఆఫీసులో గుమస్తాను. మా నాన్న పోయాక నన్ను పెంచింది మా మేనత్త. ఆమెకున్న దిగులల్లా నా పెళ్ళి. అప్పటికే రెండు సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయాయి. "అబ్బాయి బుద్ధిమంతుడే గానీ, మనం మాట్లాడుతుంటే ఆకాశం వంక చూస్తాడండీ" అన్నారట ఒకరు. రెండోవాళ్ళు ఆ మాత్రం కూడా చెప్పలేదు. మూడోది వినుకొండ సంబంధం, ఒక బడిపంతులు గారి అమ్మాయి. అత్తయ్య ఫొటో తెచ్చి చేతిలో పెట్టబోతే నేను చెయ్యి చాపలేదు. "ఫొటో చూసి పిల్లను ఒప్పుకోవడం మన ఇంటా వంటా లేదు" అన్నాను. (ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరన్నారో నాకు తెలియదు. అన్నాక మాత్రం తరతరాల మాటలాగే వినిపించింది.) అత్తయ్య ఫొటోను తన ట్రంకుపెట్టెలో దాచి, "పోనీలే గానీ, అక్కడైనా కాస్త మనిషిలా మాట్లాడు నాయనా. ఇది కూడా తప్పిపోతే ఇంక నేను ఎవరి గుమ్మం తొక్కి అడగను?" అంది. అప్పుడు ఆమె గొంతు విని, ఈసారి ఎలాగైనా ఆమెకు అవునన్న మాట తెచ్చి ఇవ్వాలనుకున్నాను. పైకి మాత్రం, బండి ఎన్నింటికి వస్తుందని అడిగాను.

మిరప కోతలు ముగిసి కల్లాలు ఎర్రగా ఉన్న రోజులవి. బావ బండిలోనే పెళ్ళిచూపులకు బయల్దేరాం. ముందు సీట్లో నేను, వెనక అత్తయ్యా అక్కా. బండి ఎంత ఎత్తంటే అత్తయ్య ఎక్కడానికి వంటింటి పీట కూడా తీసుకుని రావలసివచ్చింది. ఆ ఎత్తు ఒక్కటే నాకు నచ్చింది. దారిలో ప్రతివాణ్ణీ పైనుంచి చూడవచ్చు. తక్కిన గుణాలు ప్రయాణంలో తెలిశాయి. డీజిల్ ఇంజను కదా, తొక్కగానే లేవదు. కాసేపు ఆలోచించుకుంటుంది. ఇక లేవదులే అని మనం సర్దుకునేసరికి ఒక్క ఉరుకు ఉరుకుతుంది. అలా ఉరికినప్పుడల్లా అత్తయ్య తల వెనక్కి పోయి, "ఇదేం బండిరా, తోక మెలిపెడితే గానీ కదలని ఎద్దులాగా!" అనేది. మలుపులో ఎత్తు కొద్దీ ఒరిగేది, అక్క వచ్చి అత్తయ్య మీద పడేది. "ఒరుగుద్ది గానీ పడదండీ, ఆ ఒరగటం కూడా లెక్క ప్రకారమే" అనేవాడు బావ. గుంటల్లో వెనక స్ప్రింగులు మనిషిని ఎగరేసి పట్టుకునేవి. "పది బస్తాలేస్తే పూలపానుపే. మనం చాలటంలా" అన్నాడు. నరసరావుపేట దాటేసరికి అత్తయ్యకు వికారం మొదలైంది. "పెట్టెలో పెట్టి మూసినట్టుంది నాయనా" అంటే బావ సంబరంగా ఏసీ దగ్గరున్న ఒక మీటను జరిపాడు. "బయటి గాలి లోపలికొస్తది, అదీ చల్లబడి వస్తది. పాత కార్లలో ఉందా ఇది?" అని, పెళ్ళికొడుక్కి చెమట పట్టకూడదని గాలి వచ్చే రంధ్రాలన్నీ నా మొహం వైపు తిప్పాడు.

వినుకొండ ఇంకా కొద్ది దూరం ఉందనగా రైలు గేటు పడింది. గేటు పక్కనే కారం ఆడించే మిల్లు. బండి ఆగగానే బావ ఇంజను ఆపకుండానే దిగి, ముందున్న బస్సు డ్రైవర్ని పిలుచుకొచ్చాడు. "పొట్ట చూడన్నా, నేలకెంత ఎత్తులో ఉందో! చేలగట్టు దాటినా తగలదు" అంటూ వెనక చక్రాల దగ్గర ఆయన్ని గొంతుకూర్చోబెట్టాడు. అత్తయ్యా అక్కా కాళ్ళు చాపుకుందామని దిగి బస్సు నీడకు పోయారు. నేను దిగలేదు. బస్సులోని జనమంతా బండి వైపే చూస్తున్నారు. మా ఇంటివాడు రోడ్డు మీద నిలబడి గేటు కోసం ఎదురుచూడటమా? అద్దాలు మూసుకుని తిన్నగా కూర్చున్నాను. కొంతసేపటికి ముక్కులో ఏదో పాకినట్టయింది. ఆ తర్వాత కళ్ళు. మిల్లు ముంగిట్లో లేచిన కారం గాలినంతా ఆ మీట శ్రద్ధగా లోపలికి పీల్చి, చక్కగా చల్లబరచి, నా మొహాన కొడుతోందని నాకు ఎలా తెలుస్తుంది? ఏసీ ఎక్కడ ఆపాలో తెలియదు. బావను పిలిచి అడగటానికి నోరు రాదు. తలుపు తీసుకుని బయటికి ఉరికితే బస్సంతా చూస్తుంది. చేత్తో కళ్ళు నలిపాను. దాంతో ఉన్న చూపు కూడా పోయింది.

గేటు లేచాక బావ తలుపు తీసి, "ఏరా బామ్మర్దీ, ఏడుస్తున్నావేంది? పిల్లని ఇంకా చూడనన్నా లేదు!" అన్నాడు. వెనక ఎక్కిన అత్తయ్య ముందుకు వంగి నా మొహం చూసింది. "వాడికి వాళ్ళ నాన్న గుర్తొచ్చాడే. ఇట్టాంటి రోజున గుర్తురాడూ మరి" అని కొంగు కళ్ళకు పెట్టుకుంది. అది చూసి అక్క మొదలుపెట్టింది. బావ గాలిని ఒకసారి వాసన చూసి, విషయం అర్థమై, నవ్వాపుకోలేక స్టీరింగు మీద వాలిపోయాడు. "మిరపకాయరా! మిరపకాయ!" "బావా, అక్కడ ఈ మాట ఎత్తావంటే నేను మళ్ళీ నీ గడప తొక్కను" అన్నాను. గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ణి కారం ఘాటు ఏడిపించిందంటే ఇక తలెత్తుకు తిరగగలమా?

అలా పంతులు గారింట్లో ముగ్గురం కన్నీళ్ళతో దిగాం. ఆయన కంగారుపడి నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించారు. నాకు ఇల్లంతా నీళ్ళలో మునిగినట్టుంది. చాపలు, కుర్చీలు, మనుషులు అన్నీ అలుక్కుపోయిన రంగులు. కాసేపటికి ఒక ఆకుపచ్చ రంగు లోపలి నుంచి వచ్చి నా ముందు ఆగింది. అందరూ మాట్లాడటం మానేశారు కనుక అదే పెళ్ళికూతురని ఊహించాను. పళ్ళెంలో చేతికి తగిలింది తీసుకుని, చూపు బాగానే ఉన్నవాడిలా నిబ్బరంగా కొరికాను. అది మిరపకాయ బజ్జీ. కళ్ళు తుడుచుకోబోతుంటే ఆ ఆకుపచ్చ రంగు నాకు మాత్రమే వినపడేట్టు, "రుద్దుకోకండి, ఇంకా మండుద్ది. మిల్లు గేటు కాడ ఆగారా?" అంది. నేను తల ఊపాను. అబద్ధమాడటానికి కూడా ఓపిక లేదు. ఆమె లోపలికి వెళ్ళి వచ్చింది. "ఆయనకి దారిలో కళ్ళలో దుమ్ము పడిందంట నాన్నా" అని అందరికీ వినపడేలా చెప్పి, చల్లటి పాలలో ముంచిన దూది నా చేతిలో పెట్టింది. "రెండు కళ్ళకీ పెట్టుకుని కాసేపు కూర్చోండి. ఎవరూ ఏమీ అనుకోరు."

నన్ను అంతవరకు ఎవరూ అలా కూర్చోమనలేదు. కూర్చున్నాను. పెళ్ళిచూపులు మొత్తం రెండు కళ్ళ మీదా దూది పెట్టుకునే ముగించాను. చూపు లేకపోవటంతో ఆకాశం వంక చూసే వీలు లేకపోయింది. పంతులు గారు అడిగినదానికల్లా మామూలుగా జవాబులు చెప్పాను. ఒకటి రెండుసార్లు నవ్వానని కూడా తర్వాత అక్క చెప్పింది. తిరుగు ప్రయాణంలో అత్తయ్య భయంభయంగా, "చూశావుగా, ఏమంటావు నాయనా?" అని అడిగింది. నేను చూసింది ఒక రంగు. విన్నది నాలుగు మాటలు. నా పరువు పోతున్న చోట దాన్ని రెండు చేతులా పట్టి నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు పక్కకు తప్పుకున్న మనిషి ఆమె. "చూశాను. చేసుకుంటాను" అన్నాను. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి చాలా దూరం తీయలేదు.

ఆ తర్వాతే కష్టాలు. ఆఫీసులో వాళ్ళు, "పిల్ల ఎట్టా ఉంటదండీ?" అని అడిగితే, "బాగుంటుంది" అని ఊరుకునేవాణ్ణి. "పొడుగా, పొట్టా?" అంటే ఫైలు తీసేవాణ్ణి. ఫొటో ఇంట్లోనే, అత్తయ్య పెట్టెలోనే ఉంది. అడగాలంటే ఎందుకని అడుగుతుంది. ఒకసారి ఆమె లేనప్పుడు పెట్టె దాకా వెళ్ళి, తాళం చూసి, ఏదో పని మీద వచ్చినట్టు వెనక్కి వచ్చేశాను.

పెళ్ళిలో పీటల మీద కూర్చున్నాం. మధ్యలో తెర. ఆ పక్కనుంచి గాజుల చప్పుడు, పసుపు వాసన. అవతల కూర్చున్నది ఎవరో నాకు తెలియదన్న సంగతి ఆ పందిట్లో నాకొక్కడికే తెలుసనుకున్నాను. జీలకర్ర బెల్లం తెర మీదుగా ఆమె తల మీద పెట్టాను. మేళం జోరందుకుంది, తెర దించారు. చామనఛాయ, పెద్ద కళ్ళు, కింది పెదవిని పంటితో పట్టి ఆపుకుంటున్న నవ్వు. మేళం చప్పుడులో ముందుకు కొద్దిగా వంగి, "ఇప్పుడు కనపడుతున్నానా?" అంది.

ఇన్నేళ్ళు గడిచాక తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద నాకు జాలీ ముద్దూ కలిసి వస్తాయి. ఎన్ని మాటలు మింగాడు, ఎన్ని తలుపులు తెరవకుండా కూర్చున్నాడు! ఆ ఒక్క క్షణంలో మాత్రం వాడు బుద్ధిగా ఉన్నాడు. అక్షింతలు మొహాన పడుతున్నా రెప్ప వేయకుండా, "కనపడుతున్నావు" అన్నాడు.