ఓబులేసు సార్‌ని బయటికి తీసిన రోజు

ఈరోజు మధ్యాహ్నం జ్వరంతో ఆఫీసు నుంచి ముందే బయలుదేరాను. గేటు దగ్గరికి వచ్చేసరికి వెనకాల లారీలు తూచే కాటా మీదికి లారీ ఎక్కిస్తున్న సెక్యూరిటీ అతను పొడవుగా ఈల వేశాడు. ఏళ్ల తరబడి వింటున్న ఈలే. అయినా ఒంట్లో బాగాలేనప్పుడు చెవులు పాత సంగతులే వింటాయేమో, అది ఓబులేసు సార్ ఫోన్లో ఆట మొదలయ్యేటప్పటి ఈలలా వినిపించింది. ఎండలో, సిమెంటు దుమ్ము వాసనలో, గేటు పక్కన వేపచెట్టు కింద ఆగిపోయాను. ఇల్లు చేరాలన్న తొందర ఉంది గానీ కాళ్లు కదలలేదు.

ఎర్రగుంట్లలో ఈ సిమెంటు ఫ్యాక్టరీలో నేను చేరినప్పుడు లారీలకు లోడు ఇచ్చి పంపే విభాగానికి ఆయనే పెద్ద. మనిషి పొట్టి, గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉండేది. నేను ఆలూరు వైపు పల్లె నుంచి బీకాం పట్టా పట్టుకుని వచ్చినదాన్ని. అంతకుముందు ఆ విభాగంలో ఆడవాళ్లెవరూ పనిచేయలేదు. డ్రైవర్లు కిటికీలోంచి నన్ను చూసి, "సార్ లేడా?" అని అడిగేవారు. ఆయన లోపలి నుంచి తల కూడా ఎత్తకుండా, "ఆయమ్మే సార్. ఆయమ్మనే అడగండి" అనేవారు. వెనకేసుకొచ్చినట్టు కూడా ఉండేది కాదు. నెల తిరిగేసరికి డ్రైవర్లు నన్నే అడగడం మొదలుపెట్టారు. ఒక్క విషయంలో మాత్రం నేను ఆయన మాట వినలేదు. ఆయన యార్డులోకి వెళ్లినప్పుడు తన కుర్చీలో కూర్చుని గేట్ పాసులు రాయమనేవారు. వీపు దగ్గర తువ్వాలు పరిచిన పాత చెక్క కుర్చీ అది. నేను నిలబడే రాసేదాన్ని.

"కుర్చీ కరుస్తాదా ఏమి?" అన్నారొకసారి.

"పెద్దోళ్ల కుర్చీ సార్."

"పెద్దోళ్ల కుర్చీకి గూడా నాలుగు కాళ్లేనమ్మా" అన్నారు. అయినా నేను కూర్చోలేదు. మా ఇంట్లో నాయన మంచం మీద మేమెవరం కూర్చునేవాళ్లం కాదు, ఆ పెంపకం అంత తొందరగా పోదు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన ఫోను తీసేవారు. అందులో ఆయనకొక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. కడపలో చదువుకునే రోజుల్లో నిజంగానే ఆడేవారట. మోకాలు దెబ్బతిని మానేశారు. ఫోన్లో ఆటకి మోకాళ్లతో పని లేదు. మన వేలు బంతిని తన్నదు. ఎవరిని ఆడించాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, అలసినవాణ్ని ఎప్పుడు బయటికి తీయాలి, ఇంతే మన పని. ఆపైన ఆ బొమ్మలు వాటి పాటికి అవి ఆడుతుంటే మనం గోళ్లు కొరుక్కుంటూ చూడాలి. ఆటగాళ్లకు మనకిష్టమైన పేర్లు పెట్టుకోవచ్చు. గోల్‌కీపర్‌కి ఆయన తన మామగారి పేరు పెట్టారు. "మా మామ చేతికి చిక్కిందేదీ మళ్లీ బయటికి రాదు" అని కారణం చెప్పేవారు. ముందు వరసలో చిన్ననాటి స్నేహితుడు మహబూబ్. నడుమ నిలబడి అందరికీ బంతి అందించేవాడు ఓబులేసు, అంటే ఆయనే. నేను చేరిన ఏడాదికి, బదులు ఆటగాళ్లు కూర్చునే బెంచీ మీద ఒక కొత్త ఆటగాడు వచ్చాడు. గడ్డమున్న బొమ్మ కింద ఈరమ్మ అని నా పేరు చూసి ఆఫీసంతా నవ్వింది. "గడ్డం సంగతి ఇడ్సు, పరుగు బాగుండాది" అన్నారు సార్.

ఆ వేసవిలో ఆయన కాటా దగ్గర కూలబడ్డారు. కర్నూలులో డాక్టర్లు చూసి గుండెకు ఆపరేషన్ చేయాలనీ, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పనీ చెప్పారు. ఆయన తిరిగొచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. "ఇండ్లు కట్టే కాలం ఇది. నేను పోతే లారీలు యాడివి ఆడనే నిలిచిపోతాయి. ఈ ఎండాకాలం పోనీ" అనేవారు. ఎండాకాలం పోతే ఇంకోటి. మా సీమలో వానలకు కరువు గానీ సాకులకు కరువు లేదు.

ఒకరోజు ఆయన భార్య సుబ్బమ్మక్క తానే క్యారియర్ పట్టుకుని ఆఫీసుకి వచ్చింది. క్యారియర్ ఆయన ముందు పెట్టి, ఆయన వింటుండగానే నాతో, "ఈరమ్మా, ఆయప్ప నా మాట ఇనడు. ఊపిరాడక మంచంలో లేసి కూచుంటాండాడు. నువ్వన్నా చెప్పు తల్లీ" అంది.

"మీకేమన్నా అయితే అక్క గతి ఏంది సార్?" అన్నాను. ఆయనతో అంత మాట అంతకుముందెప్పుడూ అనలేదు.

ఆయన క్యారియర్ పక్కకు జరిపారు. తర్వాత ఫోను తీసి నా ముందు పెట్టారు. చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లంతా కలిసి ఫోన్లలో ఆడుకునే కప్పు పోటీలో ఆరోజు సెమీఫైనల్. లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్ల జట్టుతో.

"నువ్వు ఆడించు. నేను నోరెత్తను. గెలిపిస్తే పోయి కోయించుకుంటా. ఓడితే ఆసుపత్రి మాట ఎవురూ ఎత్తగూడదు."

"పానం మీద పందెమా? బుద్ధి ఉండాదా?" అంది సుబ్బమ్మక్క. అని, కొంగుతో మొహం తుడుచుకుని, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆడు మే" అంది.

ఈల వినిపించింది. మొదట మహబూబ్ గోల్ కొట్టాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత వాళ్లు సమం చేశారు. ప్రతి ఆటగాడి పేరు కింద ఓపిక చూపించే ఆకుపచ్చ గీత ఒకటుంటుంది. రెండో సగం నడుస్తుండగా ఓబులేసు పేరు కింద గీత ఎర్రబడింది. ఆటలో కూడా వయసు పెరుగుతుంది, ఆ ఓబులేసూ పెద్దవాడే. బంతి వచ్చినా అందుకోలేక తడబడుతున్నాడు. ఆటగాణ్ని మార్చే అవకాశం నాకు ఇంకొక్కసారే మిగిలి ఉంది. నడుమ ఆడగలిగినవాళ్లు బెంచీ మీద ఒక్కరే ఉన్నారు, ఈరమ్మ.

"ఆ ఎర్రగీత ఎవురిది?" అంది అక్క.

"సార్‌ది."

"తీసెయ్."

"ఎట్ల తీసేది అక్కా? తీస్తే ఆ జాగాలోకి నేనే పోవాల."

"పో అయితే."

నా వేలు కదలలేదు. సార్ ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. మాట ప్రకారం నోరెత్తలేదు. ఆయన్ని లేపి ఆయన కుర్చీలో కూర్చున్నట్టు ఉంది నాకు. ఇంతలో ఓబులేసు కాళ్ల దగ్గర నుంచి వాళ్లు బంతి లాక్కుని గోల్ కొట్టారు. ఇక ఆలోచించలేదు, నొక్కేశాను. ఓబులేసు తల వంచుకుని మైదానం బయటికి నడిచాడు. గడ్డమున్న ఈరమ్మ లోపలికి పరుగెత్తింది. నేను సార్ మొహం వైపు చూడలేకపోయాను.

చివర్లో మహబూబ్ మళ్లీ గోల్ కొట్టి సమం చేశాడు. అందులో ఈరమ్మ చేసిందేమీ లేదు, దూరంగా నిలబడి చూసింది, అంతే. ఆట పెనాల్టీల దాకా వెళ్లింది. ఆఖరి బంతి కుడి వైపు వస్తే మామగారు ఎడమ వైపు దూకారు. ఓడిపోయాం.

నాకు ఏడుపు ఆగలేదు. బొమ్మల ఆట ఓడిపోయినందుకు కాదు. పక్కన సుబ్బమ్మక్క క్యారియర్ మూత వంకే చూస్తూ కూర్చుంది. అప్పుడు సార్ నవ్వారు.

"మా మామ జీవితంలో మొదటిసారి ఒకటి ఇడిసిపెట్టినాడు" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "నన్ను బయటికి తీసినాక ఆట ఆగిందా?" అని అడిగారు.

"లేదు సార్."

"గోల్ పడిందా?"

"పడింది."

"నేను ఉండంగా వాళ్లకు పడింది. నేను పోయినాక మనకు పడింది." ఫోను జేబులో వేసుకున్నారు. "పందెం సంగతి ఇడ్సండి. బట్టలు సర్దు సుబ్బా, పొద్దున బస్సుకి కర్నూలు పోదాం."

లేచి, కుర్చీ మీది తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నారు. "కూచో" అన్నారు నాతో. కూర్చున్నాను. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

ఆపరేషన్ రోజు ఏ లారీకి ఏ లోడు రాశానో నాకు తెలియదు, తప్పులైతే పోలేదు. సాయంత్రం అక్క ఫోన్ చేసి, "కండ్లు తెరిసినాడు ఈరమ్మా" అంది. బల్ల మీద తల ఆనించి అలాగే ఉండిపోయాను. గుండెల మీద నుంచి సిమెంటు మూట దింపినట్టయింది. ఆదివారం చూడబోతే, పీలగా ఉన్న గొంతుతో మొదట అడిగిన మాట, "లారీలు నిల్చినాయా?"

"ఒక్కటి గూడా నిలవలేదు సార్" అన్నాను గర్వంగా.

ఆయన కిటికీ వైపు తిరిగారు. "ఒక్కటన్నా నిల్చింటే బాగుండు" అన్నారు. అని, కుట్లు నొప్పి పుడుతున్నా ఛాతీ పట్టుకుని నవ్వారు. అక్క ఇద్దరినీ తిట్టింది.

ఉద్యోగం వదిలేసి ఆయన ఇప్పుడు కడపలో ఉంటారు. పొద్దున నడుస్తారు, ఉప్పు తగ్గించిందని అక్క మీద నాకు ఫోన్లో చాడీలు చెబుతారు. జట్టు నాకిచ్చేశారు. ఓడిపోయినప్పుడల్లా ఫోన్ చేసి మరీ తిడతారు. నాకు పని నేర్పినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. పని వదలడం నేర్పింది ఆయనొక్కరే.

ఈ మధ్యాహ్నం నాతో పనిచేసే ఖాజా నా మొహం చూసి, "మేడం, మీ గీత ఎర్రగయింది. ఇంటికి పోండి" అన్నాడు. ఈ కథ మా ఆఫీసులో అందరికీ తెలుసు. నోటిదాకా ఒక సాకు వచ్చింది, మింగేసి కుర్చీలోంచి లేచాను. వేపచెట్టు కింద నిలబడి వెనక్కి తిరిగి చూశాను. లారీ కాటా ఎక్కింది, దిగింది. దాని వెనకది ఎక్కింది. ఒక్కటన్నా నిలుస్తుందేమోనని ఇంకాసేపు చూశాను. నిలవలేదు. కాస్త బాధేసింది, చాలా హాయిగా అనిపించింది. ఆటో పిలిచి ఇంటికొచ్చి పడుకున్నాను.