తాడు కట్టిన తిన్నె

పుదుచ్చేరిలో పాత ఇళ్లు నిలిచాయంటే ఫ్రెంచి దొరలు పెట్టిన ఆ ధర్మసంఘం చలవేనని చెన్నపట్నంలో మావాళ్లంతా అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మధ్యాహ్నం ఎండకు తాళలేక ఒక పాత ఇంటిముందు ఆగి నీళ్లడిగాను. వీధి తిన్నెకు అడ్డంగా తాడు కట్టి ఉంది. ఇంటి ముసలామె నీళ్లచెంబు నా చేతికిచ్చి, తాడు విప్పసాగింది.

"ఎందుకు కట్టారవ్వా?"

"సంఘపోళ్లు కట్టిరి. జనం కూర్చుంటే తిన్నె అరిగిపోతాదంట. ముందరి కప్పు వాళ్లే బాగుచేసిరి. ఎనకది వానల్లోపల చేస్తారంట, తాడు ఇప్పకుంటేనే."

"మరి విప్పుతావేం? నేను నిలబడే తాగుతాలే."

"ఏందమ్మా నువ్వు! దోవన పొయ్యేవాళ్లు కూర్చునేదానికే మా మామ దీన్ని కట్టించింది. నిలబెట్టి నీళ్లిస్తే నాకేం మర్యాద? కూర్చో."

కూర్చున్నానే గాని కుదురు లేదు. చెంబు ఖాళీ కాకముందే సంఘం గుమాస్తా సైకిలు మీద వచ్చాడు. నన్నూ, విప్పిన తాడునూ చూసి సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు. వెంటపడి నిలదీద్దామని లేచాను. అవ్వ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"వాడు యాడికి పోతాడు? నువ్వు నీళ్లు తాగు."

సంఘాన్ని పొగిడే ప్రతివాళ్లనూ అడుగుతూనే ఉన్నాను: ఆ ఏడు వానల్లోపల అవ్వ ఇంటి వెనక కప్పు బాగుచేశారా?