ముందే నేర్పిన పరీక్ష

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. నన్ను నొప్పించిన వాళ్ల పేర్లు, వాళ్లన్న మాటలు వరసగా చెప్పగలను. నేను చేసిన అన్యాయం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇన్నాళ్లూ నోరు పెగల్లేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు నేను పాతబస్తీలోని ఒక ఆసుపత్రిలో సైకాలజీ ఇంటర్న్‌ని. పిల్లల తెలివితేటలు కొలిచే పరీక్ష పెట్టడం నేర్చుకుంటున్నాను. అందులో కొన్ని ప్రశ్నలుంటాయి, కొన్ని రంగు చెక్కముక్కలుంటాయి. కార్డు మీది బొమ్మ ప్రకారం పిల్లలు ముక్కలు పేర్చాలి, మనం స్టాప్‌వాచ్‌తో సమయం చూడాలి. మొదటిసారి అందరి ముందూ చేసి చూపించమన్నప్పుడు ముక్కలు చేతిలోంచి జారిపోయాయి. వాచ్ ఆపడం మర్చిపోయాను.

"ఏందమ్మా, ఉస్మాన్‌గంజ్ల మీ బాపు తరాజు పట్టుడు వేరు, ఇది పట్టుడు వేరు," అన్నాడు మాకు నేర్పే సార్.

ఏడుగురు ఇంటర్న్‌లూ నవ్వారు. మా నాన్న మిర్చి దుకాణంలో బస్తాలు తూచే మనిషే. అందులో నవ్వేందుకేముంది? ఎవరు ముందు నవ్వారో, ఎవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారో ఇప్పటికీ గుర్తే. ఆ సార్‌ని క్షమించలేదు. క్షమించను కూడా.

ఇంకోసారి ఆయనకు వేలెత్తి చూపే సందు ఇవ్వకూడదనుకున్నాను. సాధన చెయ్యాలి. ముందే చూసిన పిల్లలకు పరీక్ష చెల్లదు కాబట్టి తోటి ఇంటర్న్‌ల మీదే చెయ్యాలని నియమం. నవ్విన వాళ్లనే బతిమాలుకోవడమా?

శాలిబండ నుంచి ప్రతి మంగళవారం ఒకామె నిద్ర మందులకు వచ్చేది. ఇంటింటికీ పాలు పోసే మనిషి. వెంట పదకొండేళ్ల కూతురు రేణుక. తల్లి లైన్లో నిలబడితే పాప వరండాలో కూర్చునేది. ఎవరూ లేని గదిలోకి పిలిచి చెక్కముక్కలు ముందు పెట్టాను. రాకపోతే పేర్చి చూపించాను. ప్రశ్నలడిగి, జవాబులూ నేనే చెప్పాను. ఎనిమిది మంగళవారాలు అలా గడిచాక నా చెయ్యి కుదిరింది. పాప ఆ ముక్కల్ని డబ్బీలనేది. "మేడం, డబ్బీలు!" అని మెట్ల దగ్గర్నుంచే అరుస్తూ వచ్చేది. నన్ను చూసి అంత సంబరపడిన మనిషి ఆ ఆసుపత్రిలో ఇంకొకరు లేరు.

తర్వాత నెలలో డాక్టర్ ఆ రేణుకకే పరీక్ష రాశాడు. బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లల బడిలో చేర్చాలంటే సర్టిఫికెట్ కావాలి, దానికి మా రిపోర్టు కావాలి. సార్ నన్నే పరీక్ష పెట్టమని పక్కనే కూర్చున్నాడు. ఈ పాపకు ఇవన్నీ తెలుసు, వేరే పరీక్ష పెడదాం సార్ అని అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? పంపించేస్తారని భయమా? భయం కొంతే. ఆయన కళ్ల ముందు చెయ్యి తడబడకుండా చేసి చూపించాలన్న పంతమే ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడేమిటి, అప్పుడూ తెలుసు.

పాప చకచకా పేర్చింది. రెండు ప్రశ్నలు నేను పూర్తి చెయ్యకముందే జవాబు చెప్పేసింది. పేర్చిన ప్రతిసారీ నా వంక చూసి నవ్వింది. స్కోరు సర్టిఫికెట్ ఇచ్చే హద్దు దాటి పైకి పోయింది. సార్ నా రిపోర్టు చదివి, "ఇగో, గిట్లుండాలె," అన్నాడు.

వారం తర్వాత తల్లి ఆ కాగితం పట్టుకొచ్చింది.

"మేడం, సర్టిఫికెట్ రాదంటున్నరు. బిడ్డకు తెలివి మంచిగనే ఉందని రాసిన్రట. ఇంట్ల దాని అంగీకి గుండీలు నేనే పెడ్త. ఒక్కతే రోడ్డు దాటరాదు దానికి."

"పరీక్షల వచ్చిందే రాసినం అమ్మా."

"ఇంతకుముందు మీతోని ఆడుకున్నది గద. గవే డబ్బీలా మేడం? గందుకే మంచిగ చేసిందా ఏంది?"

"కాదమ్మా. అది వేరే ఆట."

ఆమె కాగితాన్ని మడిచి కొంగులో ముడేసుకుంది. "నాకేం ఎర్క, సదువుకోనిదాన్ని. ఫికర్ల అడిగిన. తప్పనుకోకుండ్రి మేడం," అంది.

సార్ కనిపెట్టలేదు. పాలు పోసే మనిషి కనిపెట్టింది. కనిపెట్టి, నాకే క్షమాపణ చెప్పింది.

రేణుక మామూలు బడిలోనే ఆరో తరగతిలో కూర్చుంది. పిల్లలు పెట్టిన వెక్కిరింపు పేరుకు ఏడ్చి ఏడ్చి మొండికేసిందని, మాన్పించేశామని మరుసటేడు తల్లి మందులకొచ్చినప్పుడు చెప్పింది. ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఒక దారి దొరికేదేమో. ఆమె మీద కోపం తెచ్చుకునేదాన్ని.

ఇప్పుడు నేనూ ఇంటర్న్‌లకు నేర్పుతున్నాను. పిల్లలకు పరీక్ష ముందే చూపించకూడదని మొదటి రోజే చెబుతాను. సార్ తరాజు మాట కూడా చెబుతుంటాను, పాపం మేడం అని వాళ్లు జాలిపడతారు. ఆ కథ ఎప్పుడూ ఏడుగురి నవ్వు దగ్గరే ఆపేస్తాను.

రెండుసార్లు షేర్ ఆటోలో శాలిబండ దాకా వెళ్లాను. ఆసుపత్రి చీటీలో చూసిన ఆమె ఇంటి సందు కనిపించింది. దిగలేదు. దిగి ఏమని చెప్పాలి? పద్దెనిమిదేళ్ల పిల్లను మళ్లీ ఆరో తరగతి వయసుకు తీసుకురాగలనా?

అమ్మా, మీ అనుమానమే నిజం. ఆ పరీక్ష చెల్లదు. పాపకు ముందే నేర్పింది నేను, కాదని మీతో అన్నదీ నేను. ఈ మాట రాయడం ఇదే మొదలు. దీనివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నేను మోస్తున్న బరువు మాత్రం కొంచెం తగ్గింది.