దుబాయ్ అని రాసిన అడ్రస్

మేడం చనిపోయారు. సోమవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తేసరికి వాళ్లాయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చి ఉంది. ఆపరేషన్ కోసం ఇండియా వెళ్లారని మీలో చాలామందికి తెలుసు. ఆపరేషన్ బాగా అయిందని, రెండు వారాల్లో వచ్చేస్తానని ఆవిడే నాకు ఫోన్ చేసి చెప్పారు. తర్వాత ఒకరోజు నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మెసేజ్‌లో అంతే ఉంది.

మీకు పంపమని మా ఓనర్ ఒక లైను రాసిచ్చారు. "మా కస్టమర్ కేర్ మేనేజర్ ఇక లేరు, సేవలు యథావిధిగా కొనసాగుతాయి" అని. ఒక్క బటన్ నొక్కితే అందరికీ వెళ్తుంది. నొక్కలేకపోయాను. ఇలాంటి రెడీమేడ్ లైన్లంటే మేడంకి ఒళ్లు మంట. అందుకే నాకొచ్చినట్టు రాస్తున్నాను. ఏడో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే ఏమనుకోకండి.

ఇక్కడ ఖతర్‌లో, నజ్మాలో ఉన్న మా షాపుని కళ్లతో చూసినవాళ్లు మీలో తక్కువ. మీరు యాప్‌లో ఆర్డర్ పెడతారు, మేము బియ్యం, పచ్చళ్లు, పిండివంటలు మీ క్యాంపులకీ ఇళ్లకీ పంపుతాం. మీ ఫోన్ ఎత్తింది మేడం. మీ మెసేజ్‌లకి జవాబు రాసింది నేను. మొదట నేను ప్యాకింగ్‌లో ఉండేవాణ్ణి. ఎవరితో మాట్లాడాలన్నా గొంతు రాదు కానీ, ఫోన్‌లో తెలుగు గబగబా కొడతానని చూసి మేడమే నన్ను తన టేబుల్ దగ్గరికి పిలిపించుకున్నారు.

మొదటి రోజే ఒకాయన పచ్చడి సీసా పగిలి వచ్చిందని ఫోటో పెట్టాడు. నేను షాపు వాళ్లు ఇచ్చిన లైను పంపాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం." మేడం అది చదివి నా వైపు తిరిగారు. ఆవిడది కాకినాడ.

"అబ్బాయ్, ఈ మాట మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నావా?"

"లేదు మేడం."

"కూర మాడిపోతే మీ అమ్మ ఏమంటుంది?"

"ఏమనది మేడం. మల్ల వండుతది."

ఆవిడ నవ్వారు. "అదే. ముందు మళ్లీ వండు. చింతించడం తర్వాత చూసుకుందాం." సాయంత్రానికల్లా ఆయనకి కొత్త సీసా వెళ్లింది. 

కోపంగా ఉన్నవాళ్ల ఫోన్ వస్తే మేడం కుర్చీలోంచి లేచి నిలబడేవారు. కూర్చుని మాట్లాడితే గొంతులో బద్ధకం తెలిసిపోతుందట. ఒక్కోసారి అరగంట అలా నిలబడే ఉండేవారు, మోకాళ్ల నొప్పులతో. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో నైట్ డ్యూటీ చేసేవాళ్లకి పగలు ఫోన్ చేయనిచ్చేవారు కాదు. "సరుకైతే రిటర్న్ తీసుకుంటాం. నిద్ర ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాం?" అనేవారు. 

డెలివరీ ఎలా జరుగుతుందో చూడాలని నెలకోసారి వేరే పేరుతో తనే తన ఫ్లాట్‌కి ఆర్డర్ పెట్టుకునేవారు. మా డ్రైవర్ అన్న కరీంనగర్ మనిషి. ఆ రోజు మాత్రం గంట ముందే వెళ్లి, డబ్బా తుడిచి, వంగి మరీ ఇచ్చేవాడు. "పేరు మారిస్తే ఇల్లు మారుతదా మేడం? లిఫ్ట్ పక్క తలుపు మీదే గద!" అని ఆఖరికి తనే చెప్పేశాడు. మరుసటి నెల నుంచి ఆర్డర్ వాళ్ల ఎదురింటి పేరు మీద వచ్చింది.

అందరూ ఆవిడ మంచిది అంటున్నారు. కోపం కూడా చాలా ఉండేది. నా మీద ఒక్కసారే నిజంగా కోపం వచ్చింది. అది చెప్పాలి.

జగిత్యాల వైపు ఊళ్లో ఉండే ఒక అక్క, ఇక్కడున్న తన భర్త కోసం యాప్‌లో లడ్డూల డబ్బా ఆర్డర్ పెట్టింది. అడ్రస్‌లో "దుబాయ్, క్యాంపు, రూం పద్నాలుగు" అని రాసింది. నేను చూసి, "మా డెలివరీ ఖతర్‌లో మాత్రమే" అనే లైను పంపి ఆర్డర్ రద్దు చేసేశాను. మర్నాడు పొద్దున తొమ్మిదికి ఆవిడ వాయిస్ మెసేజ్‌లు వరసగా వచ్చాయి. మేడం అన్నీ విని ఆ ఆర్డర్ తెరిచారు.

"వాళ్లాయన ఫోన్ నంబర్ చూశావా?"

చూశాను. అది ఇక్కడి నంబరే. మా వైపు ఊళ్లల్లో గల్ఫ్‌లో ఏ దేశానికి వెళ్లినా దుబాయ్ వెళ్లాడనే అంటారు. ఇది మేడంకి తెలియకపోయినా తప్పులేదు. నాకు తెలియాలి.

"ఆవిడకి ఫోన్ చెయ్యి."

"మెసేజ్ పెడ్త మేడం. మంచిగ రాస్త."

"తప్పు మనదైతే రాయకూడదు అబ్బాయ్. రాయడమంటే దాక్కోవడమే. తిట్టడానికి ఆవిడకి ఒక మనిషి దొరకాలి. చెయ్యి."

స్పీకర్ పెట్టి నంబర్ కొట్టాను.

"ఎవలు?"

"అక్కా... ఖతర్ నుంచి. లడ్డూల షాపు."

"ఆర్డర్ కొట్టేసింది నువ్వేనా? ఎందుకు కొట్టేసినవ్‌రా?"

"దుబాయ్ అని రాసిర్రు అక్కా. మాది ఖతర్."

"మా ఆయన దుబాయ్లనే ఉన్నడు గద! నీదే ఊరు?"

"జగిత్యాల పక్కన్నే అక్కా."

"జగిత్యాల పక్కపోరనివి, నీకు దుబాయ్ అంటె తెల్వదా? నీ కొడుకు యాడున్నడని అడిగితె మీ అవ్వ ఏమంటది?"

మేడం మొహం పక్కకి తిప్పుకున్నారు. నవ్వుతున్నారని భుజాలు చెప్పాయి.

"దుబాయ్ల ఉన్నడంటది అక్కా."

"మరి! ఇయ్యాల మూడింటికి మా బిడ్డను తొట్టెల ఏస్తున్నం. ఇరువై ఒక్క రోజుల పిల్ల. వాళ్ల నాయిన ఇంకా ముట్టుకోనే లేదు. పిల్లను తొట్టెల ఏసే యాల్లకు ఆయన చేతుల తీపి ఉండాలె, రూమోళ్లకు పంచాలె. గదైనా ఉండొద్దా?"

"తెస్తం అక్కా."

"మీరు పోయిందాక నేను పిల్లను తొట్టెల ఎయ్య. ఎవ్వలేమన్న ఎయ్య."

పెట్టేసింది. అక్కడ మూడంటే మనకి పన్నెండున్నర. ఆయన ఉండేది అల్ రువైస్‌లో, గంటన్నర ప్రయాణం. ఒంటిగంటకి ఆయన భోజనం విరామం అయిపోతుంది. వేరే డెలివరీకి వెళ్లిన బండి తిరిగొచ్చి, డబ్బా కట్టి బయల్దేరేసరికి పదకొండు దాటింది. ఓనర్ గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"ఒక్క డబ్బా కోసం అంత దూరం స్పెషల్ బండా?"

"డబ్బా కోసం కాదండి. మనం వెళ్లేదాకా అక్కడొక బాలింత పిల్లని ఉయ్యాల్లో వెయ్యకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది" అన్నారు మేడం. అని తనూ బండెక్కారు. డెలివరీకి ఆవిడ ఎప్పుడూ రాలేదు. "తోడుకి వస్తున్నానంతే. గేటు దగ్గర దిగేది నువ్వే, నేను దిగను" అని నాకు ముందే చెప్పారు.

దారంతా డ్రైవర్ అన్న ఊరుకోలేదు. "మేడం, గీ పోరడు ఇయ్యాల నోరు తెరిచిండట!"

"తెరిచాడయ్యా. నువ్వు కాస్త మూసుకుని తోలు."

అక్క నుంచి మెసేజ్ మీద మెసేజ్. యాడున్నరు, యాడున్నరు. నేను పది నిమిషాలు అని కొట్టాను. పంపబోతుంటే మేడం చూశారు.

"నిజంగా ఎంతుంది?"

"నలభై కిలోమీటర్లు మేడం."

"అదే రాయి. పది నిమిషాలంటే పదకొండో నిమిషం నుంచి మనం ఏం చెప్పినా నమ్మదు."

నలభై అని రాశాను. తర్వాత "సరే తమ్మీ, కూసున్నం" అని వచ్చింది.

ఆ రోజు నుంచి తప్పు నాదైన ప్రతిసారీ ఫోనే చేస్తున్నాను. మేడం సెలవు మీద వెళ్లేటప్పుడు ఓనర్ నన్ను మళ్లీ ప్యాకింగ్‌కి పంపుతానంటే, "నేను వచ్చేదాకా ఫోన్ కూడా వీడే ఎత్తుతాడు" అని చెప్పి వెళ్లారు. ఇప్పుడు ఆవిడ రారు. ఫోన్ నేనే ఎత్తుతాను. మాటల మధ్యలో ఆగిపోతే కాస్త ఓపిక పట్టండి. పెట్టేయను.

ఆ రోజు అల్ రువైస్ క్యాంపు గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండూ నలభై. ఆయన డ్యూటీ బట్టల్లోనే ఎండలో నిలబడి ఉన్నాడు, చేతిలో వీడియో కాల్. నేను దిగి డబ్బా ఇచ్చి, "తప్పు నాది అన్నా" అన్నాను. ఆయనకి వినపడలేదనుకుంటా. రిబ్బన్ తెంపి ఒక లడ్డూ ఫోన్ ముందుకి ఎత్తిపట్టుకున్నాడు. "ఇగో, అచ్చినయ్! ఎయ్యుర్రి, పిల్లను ఎయ్యుర్రి!"

ఆయన రూం వాళ్లు నలుగురూ చుట్టూ మూగారు. ఇద్దరు నేపాలీలు. ఎండకి స్క్రీన్ నల్లగా ఉంది, ఎవరికీ ఏమీ కనపడటం లేదు. ఆయన ఫోన్‌ని అటు తిప్పి ఇటు తిప్పి, "కనవడ్తలేదు, ఏసిర్రా? ఏసిర్రా?" అని అరుస్తున్నాడు.

బండి తలుపు చప్పుడైంది. దిగనన్న మేడం దిగి గబగబా వచ్చారు. మెడలోని చున్నీ తీసి విప్పి ఆయన తల మీదుగా, ఫోన్ మీదుగా కప్పారు. గాలికి ఎగిరిపోతుంటే తనూ లోపలికి దూరి రెండు చేతులతో అంచులు పట్టుకున్నారు. డ్రైవర్ అన్న ఇంజన్ ఆపేశాడు.

మాకు బయటికి కనపడింది ఆయన బూట్లు, వాటి పక్కన మేడం చెప్పులు. చున్నీ లోపల, ఫోన్‌లోంచి, ఎక్కడో ఊళ్లో ఆడవాళ్లు జోల పాడుతున్నారు.